కొట్టేసిన కేసును మళ్లీ తెరవొచ్చా? టీవీ నటుడు స్మోలెట్ కేసు చెప్పేదేమిటి

ప్రశ్న: మా అబ్బాయి చికాగో దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు. ఎఫ్-1 వీసా. ఓ పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బయటికి తెచ్చాడని పోలీసులు అరెస్టు చేసి రిటైల్ థెఫ్ట్ కేసు పెట్టారు. కమ్యూనిటీ సర్వీస్ చేసి, ఒక క్లాసుకు హాజరైతే కేసు తీసేస్తామని ప్రాసిక్యూటర్ అంటున్నారట. అయితే అదే ఊళ్లో జస్సీ స్మోలెట్ అనే టీవీ నటుడి మీద కేసు తీసేశాక మళ్లీ పెట్టి జైలుకు పంపారని వాడి రూమ్మేట్లు చెప్పారు. ఇంట్లో అందరం టెన్షన్‌తో ఉన్నాం. మావాడికీ అలా జరుగుతుందా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: రూమ్మేట్లు చెప్పింది అబద్ధం కాదండీ, కానీ సగమే చెప్పారు. ఆ కేసు చివరికి 2024 నవంబరులో ఇల్లినాయ్ సుప్రీంకోర్టులో తేలింది. తేలిన తీరు మీవాడికి మేలు చేసేదే. అందుకే మొదట ఆ సంగతి వివరంగా చెబుతాను.

స్మోలెట్ చిన్నప్పటి నుంచీ నటుడు. 2015లో ఫాక్స్ చానెల్‌లో మొదలైన ‘ఎంపైర్’ సీరియల్‌లో గాయకుడు జమాల్ పాత్రతో అమెరికా అంతటా పేరొచ్చింది. 2019 జనవరి 29న, చలికి ఊరంతా గడ్డకట్టిన రోజుల్లో, తెల్లవారుజామున చికాగో వీధిలో ఇద్దరు తనను జాతి పేరుతో తిట్టి, కొట్టి, మెడకు తాడు వేశారని పోలీసులకు చెప్పాడు. నల్లజాతివాడు, స్వలింగ సంపర్కుడు కావడంతో దేశమంతా అతని పక్షాన నిలిచింది. కొన్ని వారాలకే పోలీసులు కథ తిప్పి చెప్పారు: ఆ ఇద్దరూ అతనికి తెలిసిన అన్నదమ్ములేననీ, 3,500 డాలర్ల చెక్కు ఇచ్చి తనమీద తనే దాడి చేయించుకున్నాడనీ అన్నారు. ఆ చెక్కు వ్యాయామ శిక్షణకు ఇచ్చిందని అతని వాదన. తాను ఏ తప్పూ చేయలేదని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. తప్పుడు ఫిర్యాదు కింద 16 అభియోగాలు నమోదయ్యాయి. సీరియల్‌లో అతని పాత్ర ఆగిపోయింది.

మీ ప్రశ్నకు అవసరమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. 2019 మార్చి 26న ప్రాసిక్యూటర్లు కేసు మొత్తం ఉపసంహరించుకున్నారు. బదులుగా అతను బెయిలు కోసం కట్టిన 10,000 డాలర్లు వదులుకున్నాడు. కొన్ని గంటల కమ్యూనిటీ సర్వీస్ అప్పటికే చేశాడు. నేరం ఒప్పుకోలేదు. డబ్బూ పేరూ ఉన్నవాడికి ఇంత తేలిగ్గానా అని జనం మండిపడ్డారు. జిల్లా ప్రాసిక్యూటర్ కేసు నుంచి తప్పుకున్న పద్ధతే చెల్లదని ఒక జడ్జి తేల్చి, ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను వేయించారు. 2020లో మళ్లీ కేసు పెట్టారు. 2021 డిసెంబరులో జ్యూరీ ఆరు అభియోగాల్లో ఐదింటిలో దోషి అంది. 2022 మార్చిలో 150 రోజుల జైలు, 30 నెలల ప్రొబేషన్, 25,000 డాలర్ల జరిమానా, నగరానికి 1,20,106 డాలర్ల చెల్లింపు శిక్షగా పడ్డాయి. ఆరు రోజులు జైల్లో ఉన్నాక అప్పీలు తేలేదాకా వదిలారు. 2023లో అప్పీలు కోర్టు శిక్షను సమర్థించింది.

సుప్రీంకోర్టు మాత్రం మొత్తం కొట్టేసింది. ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది, నిందితుడు తన వంతు నెరవేర్చాడు, కాబట్టి ప్రభుత్వం మాట తప్పడానికి వీల్లేదంది. అతను నిర్దోషి అని ఆ తీర్పు చెప్పలేదు, దాడి నిజమా నాటకమా అన్న జోలికే పోలేదు. 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఇంకో టీవీ నటుడు బిల్ కాస్బీ శిక్షను రద్దు చేసిందీ ఇలాంటి కారణంతోనే. కేసు పెట్టబోమని ఒక ప్రాసిక్యూటర్ చెప్పిన మాట నమ్మి కాస్బీ సివిల్ దావాలో వాంగ్మూలం ఇస్తే, తర్వాతి ప్రాసిక్యూటర్ దాన్నే అతని మీద వాడారు. రెండు తీర్పులూ చాలామందికి మింగుడు పడలేదు. కాస్బీ మీద ఆరోపణలు చేసిన స్త్రీల బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ తీర్పులు సరైనవేనని నా నమ్మకం. సర్కారు మాటకు విలువ లేకపోతే ముందు నష్టపోయేది పెద్ద లాయర్‌ను పెట్టుకోలేని మీ అబ్బాయిలాంటివాళ్లే.

కాబట్టి, చెప్పిన పని పూర్తి చేశాక అదే కేసు మళ్లీ పెడతారన్న భయం వద్దు. కానీ ఒప్పందం నోటిమాటగా ఉండకూడదు. స్మోలెట్ కేసు అంత దూరం వెళ్లడానికి, షరతులేమిటో స్పష్టమైన కాగితం లేకపోవడం కూడా ఒక కారణం. ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేశాక కేసు ఏమవుతుంది అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పందం ప్రకారం, మళ్లీ పెట్టే వీలు లేకుండా కేసు కొట్టేస్తున్నట్టు జడ్జి ఉత్తర్వులో రాయించమని లాయర్‌ను అడగమనండి. మన దేశంలోనూ ఈ జాగ్రత్త అవసరమే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకుంటే, అభియోగాలు ఖరారు కాకముందైతే అది డిశ్చార్జి మాత్రమే, ఖరారయ్యాకైతే నిర్దోషిగా విడుదల. డిశ్చార్జి అయిన కేసు మళ్లీ రావచ్చు.

నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది వేరే ఉంది, అది వీసా. స్మోలెట్ అమెరికా పౌరుడు, అతనికి ఈ బెడద లేదు. మీవాడికి క్రిమినల్ కోర్టు ఒకటి, ఇమిగ్రేషన్ చట్టం ఇంకొకటి. మీవాడికి చెప్పినలాంటి, షరతులు పూర్తిచేస్తే కేసు తీసేసే ప్రోగ్రాములు కొన్నింటిలో ముందు నేరం ఒప్పుకోమంటారు, షరతులు పూర్తయ్యాక కేసు కొట్టేస్తారు. క్రిమినల్ కోర్టు లెక్కలో అది శిక్ష కాదు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక షరతు విధిస్తే దాన్ని శిక్షగానే చూస్తుంది. పైగా దొంగతనాన్ని నైతిక పతనానికి సంబంధించిన నేరాల్లో కలుపుతారు. అందుకే నేరం ఒప్పుకోకుండానే చేరగలిగే ప్రోగ్రామ్ అడగాలి. సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ముందుగా ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించాలి. ‘చిన్న కేసే, ఒప్పేసుకో’ అనే స్నేహితుల సలహా దయచేసి విననివ్వొద్దు.

కేసు కొట్టేశాక రికార్డు చెరిపించుకునే అవకాశం ఇల్లినాయ్‌లో ఉంది. దానికి ముందే కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోమనండి. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేసినా ‘అవును’ అనే రాయాలి, ఆ కాపీ జత చేయాలి. అరెస్టు సమాచారం కాన్సులేట్‌కు చేరి వీసా రద్దయిన విద్యార్థులూ ఉన్నారు. కాబట్టి లాయర్‌ను అడగకుండా సెలవులకని ఇండియా విమానం ఎక్కొద్దు. కోర్టు తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. ఏ కారణంతోనూ ఆ వాయిదా తప్పకూడదు, తప్పితే వారంట్ వస్తుంది. ఆ తేదీలోగానే ఇద్దరు లాయర్లనూ ఒకసారి ఫోన్‌లో కలపమని మీ అబ్బాయికి చెప్పండి.