ఏడో నెల పాప రెండు స్పూన్లే తింటోంది, పాలు తగ్గించమంటారా?

పాలు మాత్రం తగ్గించకండి. రెండు స్పూన్లు తినగానే మొహం తిప్పేసుకుంటోందని, పాలు తగ్గిస్తే ఆకలేసి అదే తింటుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు కదా. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఈ వయసులో పాలే అసలు ఆహారం, మిగతావన్నీ వాటికి తోడు. తల్లిపాలు బాగా తాగే బిడ్డకి ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బయటి తిండి ద్వారా రోజుకి సుమారు 200 కేలరీలు అందితే చాలు, అదీ రెండు మూడు పూటల్లో కలిపి.

స్పూన్లు లెక్కపెట్టడం మానేసి ఆ స్పూన్లో ఏముందో చూడండి. గొంతుకి అడ్డం పడుతుందేమోనని చాలామంది నీళ్లలా చేసి పెడతారు, ఆ చిన్న పొట్ట కాస్తా నీళ్లతోనే నిండిపోతుంది. మా పిల్లల డాక్టరు చెప్పిన గుర్తు ఇది: స్పూన్ కొంచెం పక్కకి వంచితే కారిపోకూడదు, మెత్తగా ఉండాలి కానీ నిలబడాలి.

ఇంకో ముఖ్యమైన విషయం ఐరన్. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న నిల్వ ఆరో నెలకి దాదాపు అయిపోవస్తుంది, తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ, అందుకే ఉత్త అన్నమో పండు గుజ్జో పెట్టి సరిపెట్టకూడదు. మెత్తగా ఉడికించి మెదిపిన మాంసం, ముళ్లు తీసిన చేప, బాగా ఉడికిన గుడ్డు, పప్పులు, వీటిలో ఏదో ఒకటి రోజూ పడాలి. మాంసం తినని ఇళ్లలో పప్పుతో పాటు విటమిన్ సి ఉన్న పండో కూరగాయో పెడితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఐరన్, విటమిన్ డి చుక్కలు అవసరమా అని మీ డాక్టర్ని ఒకసారి అడగండి.

మొహం తిప్పుకుంటే ఇక చాలని చెప్తున్నట్టే, అక్కడితో ఆపేయండి. మా చిన్నవాడికి గుడ్డు పెడితే పెదాలు బిగించేసేవాడు, లోపలికి వెళ్లింది కూడా నాలుకతో బయటికి తోసేవాడు. నేను పట్టుబట్టలేదు, రెండు మూడు రోజులకోసారి చిటికెడు పెట్టి ఊరుకునేదాన్ని. అలా పెట్టగా పెట్టగా ఒకరోజు నా చేతిలో స్పూన్ లాక్కుని తనే నోట్లో పెట్టుకున్నాడు, సగం గడ్డానికే అంటిందనుకోండి. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లు పట్టడం మామూలే.

గుడ్డు, పల్లీలు ఏడాది దాటేదాకా పెట్టకూడదన్నది పాత మాట. పల్లీలు తొందరగా అలవాటు చేస్తే వాటి ఎలర్జీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 2015లో వచ్చిన లీప్ అధ్యయనంలో తేలింది. అయితే గింజలుగా అస్సలు వద్దు, నున్నటి పేస్టు చేసి పల్చగా కలిపి పెట్టాలి, పాపకి ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురద పెట్టే జబ్బు) ఎక్కువగా ఉంటే ముందు డాక్టర్ని అడగాలి. తేనె మాత్రం ఏడాది లోపు చుక్క కూడా నాకించకండి, ఎవరు చెప్పినా సరే, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఉప్పు, పంచదార వేయకండి. తాగడానికి ఆవుపాలు, గేదెపాలు కూడా ఏడాది నిండాకే.

తిండి సరిపోతోందా లేదా అన్నది గ్రోత్ చార్ట్ చూస్తే తెలుస్తుంది. బరువు గీత కిందికి జారుతున్నా, పాప పాలిపోయినట్టు నీరసంగా ఉన్నా, పాలు కూడా వద్దంటున్నా ఆలస్యం చేయకుండా చూపించండి. అలాంటిదేమీ లేకపోతే ఈ రెండు స్పూన్లనే చిక్కగా పెట్టండి, తొమ్మిదో నెల వచ్చేసరికి మరీ మెత్తగా కాకుండా కాస్త పలుకు తగిలేలా మెదపండి.