ఖాళీ గోదాముకు కొత్త అప్పు కాదు, రెండు అద్దెలు కావాలి

ప్రశ్న: మాది చిలకలూరిపేట. హైవేకి అర కిలోమీటరు దూరంలో 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న రేకుల గోదాము ఉంది. ఎత్తు 18 అడుగులు. పదేళ్లు ఒక పొగాకు వ్యాపారికి అద్దెకిచ్చాం. చివరి అద్దె నెలకు 55,000. ఆయన ఖాళీ చేసి ఏడు నెలలైంది. గోదాము కట్టడానికి తీసుకున్న అప్పు ఇంకా 22 లక్షలుంది. వడ్డీ 9.5 శాతం, గడువు ఎనిమిదేళ్లు. నెలకు 32,800 ఈఎంఐ మా హార్డ్‌వేర్ దుకాణం రాబడిలోంచి కడుతున్నాను. చేతిలో 6 లక్షలున్నాయి. బావమరిది మిర్చి కోల్డ్ స్టోరేజీ పెడదామంటున్నాడు, బ్యాంకు 60 లక్షలు ఇస్తుందట. మా అబ్బాయి బ్యాడ్మింటన్ కోర్టులు వేద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దండీ. గోదామును రెండు ముక్కలు చేసి, ఇద్దరు వేర్వేరు రకాల వాళ్లకి అద్దెకివ్వండి. మీ జేబులోంచి పెట్టే ఖర్చు లక్షన్నర దాటనివ్వకండి.

"స్థలం ఊరికే పడి ఉంది కదా" అన్న మాట దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. స్థలం మీదే కాబట్టి కొత్త వ్యాపారంలో మీకు కలిసొచ్చేది అద్దె ఒక్కటే. పాత రేటున అది ఏడాదికి 6.6 లక్షలు. 60 లక్షల అప్పుకు 10 శాతం వడ్డీ వేసుకున్నా మొదటి ఏడాది వడ్డీయే 6 లక్షలు. అంటే సొంత స్థలం వల్ల మిగిలిందంతా దాదాపు వడ్డీకే పోయింది. అసలు, కరెంటు, జీతాలు, జనరేటరు డీజిలు ఇంకా మొదలే కాలేదు.

మిర్చి మామూలు గోదాములో ఎక్కువ కాలం నిలవదన్నది నిజమే. రంగు తగ్గిపోతుంది, వానాకాలం చెమ్మ పీల్చుకుని బూజు పడుతుంది. అందుకే గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలిశాయి. కానీ మీ రేకుల షెడ్డు కోల్డ్ స్టోరేజీ కావాలంటే గోడలకి, పైకప్పుకి, నేలకి కూడా చలి బయటకు పోకుండా పొర వేయాలి. యంత్రాలు, ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు పోతే నడిపే జనరేటరు అన్నీ కొత్తగా కొనాలి. అన్నీ సమకూరినా మీ రాబడి ఒకే పంట ధర మీద వేలాడుతుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది బస్తాలు కదలవు. వాటి మీద రైతులకి అడ్వాన్సులిచ్చిన స్టోరేజీ యజమాని డబ్బు అందులోనే ఇరుక్కుపోతుంది. పాత స్టోరేజీలు ఒకటి రెండేళ్లు ఓర్చుకోగలవు. 22 లక్షల మీద ఇంకో 60 లక్షలు నెత్తిన పెట్టుకున్న కొత్త యజమాని ఓర్చుకోలేడు.

ఇక కోర్టులు. బ్యాడ్మింటన్ కోర్టు గీతలు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. చుట్టూ తిరగడానికి చోటు కలిపి 54 అడుగులు, 27 అడుగులు అనుకుంటే మీ గోదాములో అడ్డంగా నాలుగు పడతాయి. నేల చాలు, ఎత్తే చాలదు. క్లబ్బు స్థాయి ఆటకే దాదాపు 30 అడుగులు కావాలి. 18 అడుగుల దగ్గర ట్రస్సు, అంటే పైకప్పును మోసే ఇనుప చట్రం ఉంటే ఎత్తుగా లేపిన ప్రతి షటిలూ ఇనుముకి తగులుతుంది. అలాంటిచోటికి పిల్లలు సరదాకి వస్తారు, నెలనెలా ఫీజు కట్టే ఆటగాళ్లు రారు. రేకుల కింద మార్చి నుంచి జూన్ దాకా వేడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు గోదాము దగ్గరికి వద్దాం. అద్దెకోసం ఎవరినీ పిలవకముందే రెండు పరీక్షలు చేయండి, పైసా ఖర్చు లేదు. మిట్టమధ్యాహ్నం షట్టర్లన్నీ దించి, దీపాలార్పి, లోపల పది నిమిషాలు నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైకప్పులో చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది. ఒక్కో చుక్క కింద నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎక్కువ భాగం స్క్రూల దగ్గరే ఉంటాయి. స్క్రూ కింది రబ్బరు వాషరు పదేళ్లకి ఎండి చిట్లుతుంది. రేకు బాగున్నా నీళ్లు అక్కడే దిగుతాయి. వాషర్లతో సహా స్క్రూలు మార్పించండి. మీది హార్డ్‌వేర్ దుకాణమే కాబట్టి సరుకు కొన్న ధరకే పడుతుంది.

రెండోది చెమ్మ పరీక్ష. మూడడుగుల చదరం పాలిథిన్ షీటు నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు షీటు అడుగున నీటి బిందువులు ఉన్నా, సిమెంటు రంగు ముదిరినా కింది నుంచి చెమ్మ వస్తున్నట్టే. నాలుగు మూలలా, మధ్యలో ఒకచోట చేయండి. చెమ్మ ఉన్నచోట అట్టపెట్టెల సరుకు నేల మీద పెట్టనివ్వకూడదు, చెక్క ప్యాలెట్లు వేయాల్సిందే. ఈ మాట అద్దెదారుకి ముందే చెబితే తర్వాత గొడవ ఉండదు.

మీ గోదాముకి మరో ప్రత్యేక చిక్కుంది, పొగాకు. పదేళ్ల వాసన గోడల్లో ఇంకిపోయి ఉంటుంది. టీపొడి, పిండి, బిస్కెట్ల లాంటివి ఆ వాసన పట్టుకుంటాయి. పైగా పొగాకును తినే గోధుమరంగు చిన్న పెంకు పురుగు ఎండుమిర్చినీ, పసుపు కొమ్ములనూ కూడా తింటుంది. పగుళ్లలో, ట్రస్సు మీద పేరుకున్న పొగాకు పొడిలో అది బతికే ఉంటుంది. కాబట్టి పైనుంచి కిందికి పొడి దులిపి, నేల పగుళ్లు సిమెంటుతో పూడ్చి, సున్నం వేయించండి. అంత చేసినా మొదటి రెండు మూడేళ్లు ఈ గోదామును తినే వస్తువులకి ఇవ్వకపోవడమే మంచిది. పైపులు, టైల్సు, శానిటరీ సామాను, ప్లాస్టిక్ కుర్చీలు, పార్సిళ్లు వంటివాటికి వాసనతో పని లేదు.

ముక్కలు చేసేటప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్రాణాపాయం ఉన్న విషయం కాబట్టి వివరంగా చెబుతున్నాను. ధాన్యం, పప్పుల నిల్వకి పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు బస్తాల్లోకి దూరి పురుగును చంపుతుంది, మనిషినీ చంపుతుంది. మూసిన కవరు కింద ఐదు నుంచి ఏడు రోజులు ఉంచాలి. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే చేయాలి. మధ్యలో రేకు అడ్డు పెట్టి ఒకవైపు శనగల బస్తాలు, రెండోవైపు ఇరవైమంది కుర్రాళ్లు పనిచేసే పార్సిల్ కేంద్రం పెడితే, ఆ వాయువు రేకు సందుల్లోంచి అటు పోతుంది. ఒకే కప్పు కింద ఆ రెండూ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎరువులు, పురుగుమందులు కూడా వద్దు. వాటికి అమ్మేవాడి లైసెన్సులో గోదాము పేరు ఉండాలి. ఎరువు చెమ్మ పీల్చి మీ ఇనుప స్తంభాల అడుగును తినేస్తుంది.

మీకు సరిపోయే విభజన ఇది. రోడ్డు వైపు 40 అడుగులు, అంటే 2,400 చదరపు అడుగులు, పార్సిల్ డెలివరీ కేంద్రానికి. వెనక 80 అడుగులు, అంటే 4,800 చదరపు అడుగులు, తినని సరుకు పెట్టుకునే డిస్ట్రిబ్యూటరుకి. మధ్యలో సిమెంటు ఇటుకల గోడ ఎనిమిది అడుగులు, ఆపైన రేకు. వెనక భాగానికి పక్కగోడలో 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు షట్టరు, దాని ముందు లారీ వెనక్కి వచ్చి నిలబడడానికి కనీసం 40 అడుగుల ఖాళీ ఉండాలి. షట్టరు రెండు స్తంభాల మధ్యే రావాలి. స్తంభాన్నిగానీ, వాటిని కలిపే ఏటవాలు కమ్మీనిగానీ కోయనివ్వకండి, గాలివానకి షెడ్డు ఒరుగుతుంది.

పార్సిల్ వాళ్లు చూసేవి పొగాకు వ్యాపారి చూసేవాటిలా ఉండవు. తెల్లవారుజామునే బండి దిగుతుంది కాబట్టి బయట దీపాలు కావాలి. పాతిక ముప్ఫై మోటారు సైకిళ్లు నిలిపే చోటు, ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్డి, కెమెరాలు, ఇంటర్నెట్టు, విడి మీటరు అడుగుతారు. మీ గోదాము అరుగు లారీ ఎత్తుకి మూడడుగులు ఉంటే, చేతిబండ్లకి వాలు కట్టించాలి. పది అడుగులకి ఒక అడుగు చొప్పున ముప్ఫై అడుగుల వాలు వస్తుంది. అంతకన్నా నిటారుగా కడితే బండి తోసేవాడి చేయి జారుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగ్ లోపల వద్దు, బయట షెడ్డు వేసుకోమనండి. భవన అనుమతి ప్లాను, నాలా కాగితం (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చినట్టు ఇచ్చేది), ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇవి లేకే చాలా బేరాలు చివర్లో ఆగిపోతాయి.

ఇంకో మాట. వచ్చినవాళ్లు పెద్ద కంపెనీ పేరు చెప్పవచ్చు, ఒప్పందం మాత్రం స్థానిక ఫ్రాంచైజీ పేరున రాయమనవచ్చు. సంతకం ఎవరు పెడుతున్నారో, అద్దె ఎవరి ఖాతా నుంచి వస్తుందో చూడండి. ఫ్రాంచైజీ అయితే ఆరు నెలల అడ్వాన్సు అడగండి, కంపెనీయే అయితే మూడు నెలలు చాలు. మూడేళ్ల ఒప్పందం, అందులో మొదటి ఏడాది ఖాళీ చేయకూడదన్న షరతు, ఆపైన మూడు నెలల నోటీసు, ఏడాదికి 5 శాతం పెంపు రాయించండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే. స్టాంపు ఖర్చు మిగిలించాలని 11 నెలలకి రాసుకుంటే, పన్నెండో నెలలో వాళ్లు వెళ్లిపోతామంటే ఆపే కాగితం మీ దగ్గర ఉండదు. గోదాము తాకట్టులో ఉంది కనుక సంతకానికి ముందే బ్యాంకుకి రాసి అనుమతి తీసుకోండి.

ముందు భాగం చదరపు అడుగు 10 రూపాయలు, వెనక 7 రూపాయలు అనుకుందాం. మీ పాత అద్దె సగటున 7.60 పడింది కాబట్టి ఇది అత్యాశ కాదు, అయినా మీ దారిలో ఉన్న మరో నాలుగు గోదాముల రేట్లు కనుక్కుని తిరగ లెక్కేయండి. 24,000, 33,600 కలిపి 57,600. వెనక భాగం ఒక్కటి నిండినా ఈఎంఐ వెళ్తుంది. ముందు భాగం ఒక్కటే నిండితే దుకాణం నుంచి నెలకు 8,800 కలపాలి. ఒకే అద్దెదారు వెళ్లిపోయి మొత్తం సున్నా అయిన పరిస్థితి మళ్లీ రాదు.

మీ దుకాణం సరుకుకి వేరేచోట అద్దె గోదాము ఉంటే ముందు దాన్ని ఇక్కడికి మార్చండి, ఆ అద్దె మిగులుతుంది. అయితే చోటుంది కదా అని సరుకు మాత్రం పెంచకండి.

పన్నుల విషయం. దుకాణానికి మీ పేరున జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, అదే పేరున వచ్చే గోదాము అద్దె మీద కూడా 18 శాతం వేయాలి. అద్దె 20 లక్షల లోపే కదా అన్న వాదన చెల్లదు, రెండూ ఒకే పాన్ కింద లెక్క. 24,000 అద్దెకి 4,320 పన్ను. అద్దె ఆలస్యమైనా బిల్లు వేశాక పన్ను గడువుకి కట్టాల్సిందే, కాబట్టి అద్దె నెల మొదటి వారంలోనే రావాలని రాయించండి. జీఎస్టీ కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్నవాళ్లు ఇలాంటి సేవలు అంతకుముందు ఏడాది టర్నోవరులో 10 శాతం లేదా 5 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకే చేయగలరు. మీ అద్దె దాన్ని దాటే అవకాశం ఉంది, ఆడిటరుతో ముందే మాట్లాడండి. ఆదాయపన్నులో మాత్రం అద్దె మీకు మేలు చేస్తుంది. ఆస్తిపన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు, పైన అప్పు వడ్డీ మినహాయింపు ఉంటాయి. కొన్ని నెలలు ఖాళీ పోగా ఏడాదికి 5.5 లక్షలు వచ్చి, 20,000 ఆస్తిపన్ను, 2 లక్షల వడ్డీ పోతే పన్ను లెక్కకి వచ్చేది దాదాపు 1.7 లక్షలే. ఒక్కొక్కరి అద్దె నెలకు 50,000 దాటదు కాబట్టి టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేవాళ్లు ముందే పట్టుకునే పన్ను కోత కూడా ఉండదు.

6 లక్షల్లో 2 లక్షలు ఆరు నెలల ఈఎంఐ కింద విడిగా డిపాజిట్ చేయండి, లక్షన్నర పనులకి. మిగతా రెండున్నర లక్షలు ముట్టకండి.

జనవరి నెలాఖరుకి రెండు భాగాలూ ఖాళీగానే ఉంటే, ఆ ఒక్క సందర్భంలో శనగలు ఆలోచించవచ్చు. ఫిబ్రవరి, మార్చిలో పంట వస్తుంది. గోడల పక్కన, దారులకి చోటు వదిలితే నేలలో 60 శాతం మిగులుతుంది. పది వరసల ఎత్తున దాదాపు 10,000 యాభై కిలోల బస్తాలు పడతాయి. బస్తాకి నెలకు 8 రూపాయలు, సగటున 60 శాతం నిండి ఎనిమిది నెలలు నడిస్తే 3.84 లక్షలు. కాపలా మనిషికి నెలకు 12,000 ఇస్తే ఏడాదికి 1.44 లక్షలు అందులోంచే పోతాయి. తరుగు వస్తే రైతుకి జవాబు చెప్పాల్సింది మీరే. ఈఎంఐలకి ఏడాదికి 3.94 లక్షలు కావాలి. సరిపోదు, ఖాళీగా ఉంచడం కన్నా నయం, అంతే.

వీటన్నిటికన్నా ముందు రేపు చేయాల్సిన పని ఒకటుంది. మీ అగ్ని బీమా పాలసీ తీసి షరతులు చదవండి. భవనం 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే బీమా వర్తించదన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మీది ఏడు నెలలుగా ఖాళీ. కంపెనీకి రాసి, ఖాళీగా ఉన్నా రక్షణ కొనసాగేలా పాలసీ మీద రాయించుకోండి. అద్దెదారు రాగానే లోపల ఏ సరుకు ఉందో మళ్లీ తెలపండి. తుపాను, వరద ముప్పు పాలసీలో కలిసి ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.