వైరెంగ్తె వెళ్తున్న మా అబ్బాయికి

నాయనా,

నీకు నాయక్ ర్యాంకు వచ్చిందనీ, జంగిల్ వార్‌ఫేర్ కోర్సుకి మిజోరంలోని వైరెంగ్తె పంపిస్తున్నారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది రా. 1970 నుంచీ ఆ స్కూలు అక్కడే ఉంది, నేనూ ఆ బురదలో పాకినవాడినే, అందుకని నాలుగు మాటలు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

అడవిలో ధైర్యం అంటే అందరికంటే ముందు దూకడం అనుకుంటారు కుర్రాళ్లు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తొంభైల్లో అస్సాంలో ఒకరోజు పది మందిమి పెట్రోలింగ్‌కి వెళ్లాం. ముందున్న స్కౌట్ పిడికిలి ఎత్తాడు, అందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. నా నడుముకున్న వాటర్ బాటిల్ సగమే నిండి ఉంది, నేను మోకాలి మీద కూర్చోబోయేసరికి లోపల నీళ్లు గుళక్కుమన్నాయి. అంతే, వెదురు పొదలోంచి రెండు తూటాలు వచ్చాయి, నా ముందున్న పిల్లాడి తొడలో ఒకటి దిగింది. వాడు బతికాడు, కానీ ఈరోజుకీ కుంటుతూనే నడుస్తాడు. నీ బాటిల్ వల్లే అని నన్ను ఎవరూ అనలేదు, నాకు మాత్రం తెలుసు. బయల్దేరే ముందు నీ సెక్షన్‌లో, అంటే నీ కింద ఉండే పది మంది జట్టులో, ప్రతివాడి బాటిల్ నువ్వే ఊపి చూడు. నిండా ఉండాలి, దారిలో తాగితే పూర్తిగా ఖాళీ చేయాలి, సగం ఉంచకూడదు. వెళ్లిన దారిన తిరిగి రావద్దు, ఎంత అలిసిపోయినా సరే.

మేజర్ రామస్వామి పరమేశ్వరన్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, మహార్ రెజిమెంట్ 8వ బెటాలియన్ ఆయనది. 1987 నవంబర్ 25న శ్రీలంకలో శాంతి సేనగా వెళ్లిన మనవాళ్లు సోదా ముగించుకుని రాత్రిపూట వస్తుంటే మిలిటెంట్లు మాటు వేసి కాల్చారు. ఛాతీలో తూటా దిగినా, కాల్చినవాడి చేతిలో రైఫిల్ లాక్కుని వాడినే కాల్చేశాడు, ప్రాణం పోయేదాకా ఆర్డర్లు ఇస్తూనే ఉన్నాడు. ఐదుగురు మిలిటెంట్లు చనిపోయారు, ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. అందరూ రైఫిల్ లాక్కున్న సంగతే చెబుతారు. నాకు మాత్రం దానికి ముందు జరిగిందే పెద్దది: తూటాలు మొదలవగానే ఆయన బెదరకుండా తన మనుషుల్ని తిప్పి శత్రువు వెనక నుంచి చుట్టుముట్టాడు. మాటులో చిక్కినప్పుడు ఉన్నచోటే పడుకుంటే చావే. ఆ క్షణంలో నీ మనుషులు నీ గొంతు కోసం చూస్తారు, నువ్వు అరిచే మాట చిన్నదిగా ఉండాలి, అది వాళ్లకి ముందే అలవాటై ఉండాలి. అందుకే క్యాంపులో ఉన్నప్పుడే విసుగు పుట్టేదాకా ప్రాక్టీస్ చేయించు, తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. 1943లో బర్మా యుద్ధంలో గాయాలతో వెనక్కి తెచ్చిన ఒక్కొక్కడికి జబ్బులతో తెచ్చినవాళ్లు 120 మంది అని అక్కడి బ్రిటిష్ సేనాధిపతి జనరల్ స్లిమ్ లెక్క చెప్పాడు. జవాన్లు మలేరియా మాత్ర మింగారో లేదో ఒక్కొక్కరినీ పరీక్ష చేయించి, మింగించని కమాండింగ్ ఆఫీసర్లను ముగ్గురిని తీసేశాడు, దాంతో మిగతావాళ్లు దారికొచ్చారు. కాబట్టి రాత్రి పడుకునే ముందు పది మంది పాదాలూ టార్చి చేత్తో మూసి పట్టుకుని చూడు. పొడి సాక్సులు ఒక జత పాలిథిన్ కవర్లో కట్టి ఉంచమను. అందరూ తిన్నాకే నువ్వు తిను.

మన నల్లమల అంచున మేకల వెంట తిరిగావు కదా చిన్నప్పుడు, అది మర్చిపోవద్దు. కోతులు ఒక్కసారిగా గోల చేసినా, కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయినా మేకల కాపరి ముందు నిలబడి వింటాడు, తర్వాతే అడుగు వేస్తాడు. అక్కడా అంతే చెయ్యి. ఎవరికైనా భయంగా ఉందంటే కసురుకోకు, వాణ్ణి నీ పక్కన పెట్టుకో.

జలగలకని మీ అమ్మ చేతికి పొగాకు పొట్లం ఇచ్చి పంపాను, నీళ్లలో నానబెట్టి సాక్సులకి పట్టించి ఆరబెట్టుకో. నీ బండి గిద్దలూరులో ఆగినప్పుడు స్టేషన్‌కి వస్తాను, నీ బాటిల్ ఒకసారి నా చేతికివ్వు, ఊపి చూస్తాను.

మీ పెదనాన్న