పన్నెండు రోజుల్లో ఆస్ట్రేలియా మొత్తమా?

మొన్న ఖమ్మం నుంచి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ప్లాన్ పంపాడు. భార్యాభర్తలిద్దరూ డిసెంబరు చివర్లో బయలుదేరి సంక్రాంతికి ఇల్లు చేరాలి. పన్నెండు రోజుల్లో సిడ్నీ, మెల్‌బోర్న్, గోల్డ్ కోస్ట్, కెయిన్స్, ఉలూరు, చివర్లో పెర్త్. “అన్నా, ఏమైనా మిస్సయ్యామా?” అని అడిగాడు. నిద్ర ఒక్కటే మిస్సయిందిరా అన్నాను.

నేను సిడ్నీ వచ్చి పదహారేళ్ళు దాటింది. ఏడాదికి రెండు మూడు ఇలాంటి ప్లాన్లు వస్తూనే ఉంటాయి. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి మరి. ఈ దేశం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి రెండింతల పైనే. సిడ్నీ నుంచి పెర్త్‌కి విమానంలోనే ఐదు గంటలు పడుతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి కూడా అంతసేపు పట్టదు. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ కారులో 880 కిలోమీటర్లు, అంటే రోజంతా రోడ్డు మీదే. ఎడారి మధ్యలో ఉన్న ఉలూరు అనే పెద్ద రాతికొండ కోసం ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్ళో దిగుదామనుకున్నాడు మావాడు. అక్కడి నుంచి ఆ కొండ ఇంకో 450 కిలోమీటర్లు!

పైగా “జాకెట్లు ఎన్ని తేవాలి?” అని ఒక ప్రశ్న. ఇక్కడ డిసెంబరు, జనవరి నడి వేసవి. ఆ నెలల్లో ఉలూరు దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కెయిన్స్ వైపు వానాకాలం, సముద్రంలో కుట్టే జెల్లీచేపల కాలం కూడా. కెయిన్స్ దగ్గర సముద్రంలో ఉండే పగడపు దిబ్బలు, అదే గ్రేట్ బారియర్ రీఫ్ చూడాలన్నా, ఉలూరు వెళ్ళాలన్నా జూన్ నుంచి సెప్టెంబరు మధ్య రండి. అన్నట్టు, ఉలూరు ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా ఆపేశారు. అది అక్కడి అనంగు ప్రజలకి పవిత్ర స్థలం, చుట్టూ నడిచి చూడొచ్చు.

డిసెంబరులోనే రావాలంటే సిడ్నీ, మెల్‌బోర్న్ చాలు. సిడ్నీలో దిగి మెల్‌బోర్న్‌లో ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి తిరిగొచ్చే పని ఉండదు. 26న మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్టు ఉంటుంది, క్రికెట్ పిచ్చి ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. మెల్‌బోర్న్ అవతల సముద్రం పక్కనే సాగే గ్రేట్ ఓషన్ రోడ్‌కి ఒక రాత్రి బయట ఉండేలా చూసుకోండి. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేస్తే బస్సు కిటికీ తప్ప ఏమీ గుర్తుండదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కట్టిన రోడ్డు అది. ఊళ్ళ మధ్య చవక విమానాల్లో చేతిసంచి ఏడు కిలోలే. తూకం వేసి మరీ చూస్తారు.

ఇక సూట్‌కేసు. అసలు టెన్షన్ అంతా ఇక్కడే. విమానం దిగే ముందు నింపే కార్డులో తిండి వస్తువులున్నాయా అని అడుగుతారు. ఏముంది, ఇంటి పచ్చళ్ళే కదా అని ‘లేదు’ మీద టిక్కు పెట్టారో, దొరికితే భారీ జరిమానా, వీసా కూడా రద్దు కావొచ్చు. ‘ఉంది’ అని రాసి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసి పక్కన పడేస్తారు, అంతే. నేను మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ చీర మడతల్లో కరివేపాకు పెట్టింది, నాకు చెప్పలేదు. అదృష్టం కొద్దీ కారప్పొడి కోసం ‘ఉంది’ అని రాశాను. ఆ ఆఫీసరు చీర విప్పి, ఆకు తీసి, చీర మళ్ళీ నాకంటే బాగా మడత పెట్టి ఇచ్చాడు. పచ్చి ఆకు, పళ్ళు, గోంగూర విత్తనాలు, పాలకోవా, గులాబ్‌జామ్, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టకండి. పొడులు, కూరగాయల పచ్చళ్ళు షాపులో సీలు వేయించి, లేబుల్ ఉంచి తెస్తే చూసేవాళ్ళకీ సులువు. నిజానికి కందిపప్పు దగ్గర్నుంచి ఆవకాయ దాకా ఇక్కడి ఇండియన్ షాపుల్లో అన్నీ దొరుకుతున్నాయి. అయినా అమ్మలు వింటారా?

అమ్మానాన్నలు వస్తుంటే ఇంకో రెండు మాటలు. వీసా కాగితం మీద 8503 అని షరతు ఉంటే, ఇక్కడికి వచ్చాక గడువు పొడిగించుకోవడం దాదాపు కుదరదు. ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ ఇండియా నుంచి చూడటానికి వచ్చేవాళ్ళకి వర్తించదు, ఇన్సూరెన్స్ తీసుకోకుండా విమానం ఎక్కించకండి. మందులు మూడు నెలలకి మించకుండా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోవాలి.

ఇక్కడ ఎవరికి వాళ్ళు పరాయివాళ్ళుగా ఉంటారేమోనని చాలామందికి భయం. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి వాళ్ళలో సగానికి పైగా విదేశాల్లో పుట్టినవాళ్ళో, తల్లిదండ్రుల్లో ఒకరైనా విదేశాల్లో పుట్టినవాళ్ళో. ఆ లెక్కల్లో విదేశాల్లో పుట్టినవాళ్ళలో ఇంగ్లండ్ తర్వాత మనవాళ్ళే. సిడ్నీలో దోసెలకి హారిస్ పార్క్ వెళ్ళండి, కానీ ఒక పూట కాబ్రమట్టాలో వియత్నాం నూడుల్ సూప్ కూడా తాగండి. హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి సిడ్నీ నుంచి గంట దూరం. బాస్‌నైనా, పక్కింటి ముసలాయన్నైనా పేరు పెట్టి పిలవడమే పద్ధతి. సార్ అంటే వాళ్ళే ఇబ్బంది పడతారు. పార్టీకి పిలిచి ‘ఒక ప్లేట్ తీసుకురండి’ అంటే ఖాళీ ప్లేటు కాదు, ఏదైనా వండి తెమ్మని. నేను మొదటి ఏడాది నాలుగు స్టీల్ ప్లేట్లు పట్టుకెళ్ళాను.

బీచ్‌లో ఎరుపు, పసుపు జెండాల మధ్య మాత్రమే నీళ్ళలోకి దిగండి. మోకాలి లోతే కదా అనుకోకండి, లోపలికి లాగే ప్రవాహం పైకి ప్రశాంతంగా కనబడుతుంది. ఈత రానివాళ్ళు, వచ్చినవాళ్ళు ఇద్దరూ పోయారు, అందులో మన పిల్లలూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ సరదాగా మాట్లాడను.

మావాడు నిన్న సవరించిన ప్లాన్ పంపాడు. కెయిన్స్, ఉలూరు, గోల్డ్ కోస్ట్ తీసేశాడు. పెర్త్ మాత్రం అలాగే ఉంది. ఎందుకురా అంటే, మరదలి మేనమామ అక్కడున్నాడట, వెళ్ళకపోతే బాగుండదట. సరే, మెల్‌బోర్న్‌లో రెండు రోజులు కోసి అటు ఇవ్వమన్నాను.