రాతి మీద రెండో పేరు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

అమెరికాకి వలస వచ్చిన యూదుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1654లో బ్రెజిల్‌లోని రెసిఫె నుంచి వచ్చిన 23 మంది యూదులు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో (అప్పటి డచ్చివాళ్ళ వలస, ఇప్పటి న్యూయార్క్) దిగడం, గవర్నర్ స్టైవెసంట్ వాళ్ళని వెళ్ళగొట్టబోతే మరుసటి ఏడు డచ్ వెస్టిండియా కంపెనీయే అడ్డుపడటం చక్కగా రాశావు. ఆ తర్వాత మాత్రం ఒక్క పేజీలో తూర్పు యూరప్ నుంచి వచ్చిన 20 లక్షల మంది యూదుల్ని ఓడ దింపేశావు. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు కనపడలేదు.

ఇంకో మాట. "ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసరు నోరు తిరగక మా తాత పేరు మార్చేశాడు" అని నువ్వు మాట్లాడిన పెద్దాయన చెప్పింది ఉన్నదున్నట్టు రాసేశావు. ఎల్లిస్ ఐలాండ్ అంటే న్యూయార్క్ రేవులో వలసొచ్చినవాళ్ళని తనిఖీ చేసిన చోటు. నా మొదటి వ్యాసంలో నేనూ అదే రాశాను. ఓ పాఠకుడు ఉత్తరం రాసి దిద్దేదాకా అనుమానమే రాలేదు. ప్రయాణికుల జాబితా ఓడ ఎక్కే రేవులోనే ఓడ కంపెనీ గుమస్తాలు రాసేవాళ్ళు. ఎల్లిస్ ఐలాండ్‌లో ఆ జాబితా ముందు పెట్టుకునే ప్రశ్నలడిగేవాళ్ళు. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ తెలిసిన దుబాసీలూ ఉండేవాళ్ళు. పేరు మార్చుకున్నది చాలావరకు వలసొచ్చినవాళ్ళే, ఆ తర్వాత, ఉద్యోగం కోసమో పిల్లల బడి కోసమో. ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందన్నదే నీ కథ. పెద్దాయన్ని తప్పుపట్టకు. ఆ మాట వాళ్ళింట్లో ఎలా నిలిచిందో మెల్లగా అడుగు.

తర్వాత శ్మశానానికి వెళ్ళు. న్యూయార్క్ క్వీన్స్‌లోని మౌంట్ హెబ్రాన్ అనే యూదుల శ్మశానంలో, వాళ్ళు తూర్పు యూరప్‌లో వదిలొచ్చిన ఊళ్ళ పేర్లు చెక్కిన రాతి స్తంభాలు కనిపిస్తాయి. ఒక ఊరివాళ్ళు సంఘం పెట్టుకుని, చందాలేసుకుని, జబ్బు చేస్తే సాయానికీ, పోతే ఆరడుగుల నేలకీ ఏర్పాటు చేసుకునేవాళ్ళు. వీటినే లాండ్స్‌మన్‌షాఫ్ట్‌లు అంటారు. లోపలికెళ్ళి రాయి దగ్గర వంగి చూడు. ఇంగ్లీషులో మోరిస్ అని ఉన్నచోటే, హీబ్రూలో మోషే, ఫలానావాడి కొడుకు అని ఉండొచ్చు. ఓడ జాబితాలో వెతకాల్సింది ఆ రెండో పేరుని.

అందుకే 22 హీబ్రూ అక్షరాలూ ముందు నేర్చుకో. యిడ్డిష్ రాసేదీ వాటితోనే. న్యూయార్క్ యిడ్డిష్ పత్రిక 'ఫార్వర్ట్స్'లో 1906 నుంచి అచ్చయిన పాఠకుల ఉత్తరాలు చూడు. పెళ్ళాంబిడ్డల్ని వదిలేసి మాయమైన మొగుళ్ళ ఫోటోలు కూడా ఆ పేపర్లో వరసగా వేసేవాళ్ళు. ఆ మొహాల ముందు నేను ఓ పూటంతా కూర్చుండిపోయాను. విజయగాథల్లో వాళ్ళ భార్యలకి చోటు దొరకదు, నువ్వైనా ఇవ్వు.

శనివారం మాత్రం వెళ్ళకు, యూదుల శ్మశానాలు ఆ రోజు మూసేస్తారు. పూలు వద్దు, చిన్న గులకరాయి తీసుకెళ్ళి సమాధి మీద పెట్టు, అది వాళ్ళ ఆచారం. ఫోటో తీస్తే హీబ్రూ అక్షరాలు స్పష్టంగా పడేలా తీసి నాకు పంపు.

మీ మాస్టారు