జీతం ఒక్కటే పెంచితే నర్సులు ఆగిపోతారా?

మీ చెల్లి బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడాది తిరక్కుండానే జాబ్ మానేస్తానంటోంది, జీతం ఎక్కువిచ్చే చోటికి మారిస్తే సరిపోతుందా అని అడిగారు కదండీ. నేను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్స్‌ని, మొదట వేరే హాస్పిటల్లో జనరల్ వార్డు, ఇప్పుడు ఐసీయూ, అందుకే చెప్తున్నా.

జీతం ముఖ్యమే. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేట్ హాస్పిటళ్లు గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 లోపు పడకలున్నా నెలకి 20,000కి తగ్గకూడదు అంది. చాలామందికి ఇప్పటికీ అంత రావట్లేదు.

కానీ నన్ను విసిగించింది జీతం కంటే వార్డు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో మామూలు హాస్పిటల్ వార్డుకి 5గురు పేషెంట్లకి ఒక నర్సు, మాకేమో నైట్‌లో ముప్పై మందికి ఇద్దరం. పది గంటల యాంటీబయాటిక్ చివరి బెడ్డు దాకా వచ్చేసరికి పన్నెండయ్యేది, మధ్యలో ఫార్మసీకి మందుల కోసం రాసే ఇండెంట్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, చెయ్యి వాచింది సిస్టర్ అని పిలిచే అటెండెంట్లు, బీపీ చూసి రాసేసి పక్క బెడ్డుకి పరిగెత్తడమే, పేషెంట్ మొహం సరిగ్గా చూసే టైమ్ ఉండేది కాదు. పని వచ్చి కూడా చెయ్యలేకపోవడం చాలా బాధండీ. ట్రైనింగ్ అంటే ఇన్‌స్పెక్షన్ ముందు రిజిస్టర్లో సంతకాలు, అంతే.

ఐసీయూకి మారాక వెంటిలేటర్ పేషెంట్ ఒక్కరే నా చేతిలో. మా ఇన్‌చార్జ్ సిస్టర్ పక్కన నిలబడి నేర్పించారు, వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం మోగితే సైలెంట్ నొక్కడం కాదు, ముందు పేషెంట్ ఛాతీ లేస్తోందా చూడు, తర్వాత ట్యూబ్ దగ్గర్నుంచి మెషిన్ దాకా చేత్తో తడుముకుంటూ రా అని. ఒక రాత్రి అలాగే మోగింది, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 84 శాతానికి పడింది, చూస్తే ట్యూబ్‌లో కఫం గట్టిగా అడ్డుపడింది, డాక్టర్‌కి కాల్ చేయించి సక్షన్ చేశా, అంటే ఆ కఫాన్ని పైపుతో లాగేశా, ఆయన వచ్చేలోపే 95 దాటింది. జీతం అక్కడికంటే పెద్దగా ఎక్కువేం కాదు, అయినా మానేద్దామన్న ఆలోచన మళ్లీ రాలేదు.

అందుకే కొత్త చోట ఇంటర్వ్యూకి వెళ్తే జీతంతో పాటు నైట్‌లో ఒక్కో సిస్టర్‌కి ఎన్ని బెడ్లు, కొత్తగా చేరినవాళ్లకి ఎవరు నేర్పిస్తారు, ఎన్నాళ్లు పక్కన ఉంటారు అని తప్పకుండా అడగమనండి. వీలైతే అక్కడ డ్యూటీ దిగి బయటికొస్తున్న సిస్టర్లనే అడిగితే ఇంకా మంచిది.