మందు దట్టించిన రాక్షసుడు

సందేహం: నమస్కారమండీ. మేం అయిదుగురు స్నేహితులం ఆదివారాలు ఒకచోట చేరి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడతాం, ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్ళు పాత్రలై ఆడే ఆట. ఈమధ్య ఆట మొత్తం తెలుగులోనే సాగాలని పంతం పట్టాం. కథ నడిపే పని నాది. మామూలు రాక్షసులు బోరు కొట్టి, వాళ్ళకి ఇప్పటి యుద్ధసామగ్రి తగిలించాను. ఒకడి కడుపునిండా గన్‌పౌడర్, నిప్పు తగిలితే పేలిపోతాడు. 'మందు నిండిన రాక్షసుడు వస్తున్నాడు' అని చదవగానే అందరూ ఒకటే నవ్వు, ఎవడో తాగుబోతనుకున్నారు. ఒకతను 'విస్ఫోటక రాక్షసుడు' అనమన్నాడు. ఇంకొకడికి ఫిరంగి ఇచ్చి 'శతఘ్నిధారి' అని పేరు పెట్టాను. మూడోది మట్టిలో దాక్కుని, కాలు పడితే పేలే భూతం. దానికి పేరే దొరకలేదు. 'తుపాకిరాక్షసుడు' అంటే వైరిసమాసం, అంటే పొసగని రెండు భాషల మాటల్ని అతికిన సమాసం, అవుతుందా? అసలు పాతకాలపు రాక్షసుడికి కొత్త ఆయుధం పేరు అతుకుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: ఉత్తరం అందగానే మా మనవణ్ణి పిలిచి ఈ ఆట ఏమిటో చెప్పించుకున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కట్టిన ఆటట. దానికి ముందు వాళ్ళు ఆడినవి బల్లమీద బొమ్మసైనికులతో యుద్ధాలు. అంటే ఈ ఆట పుట్టిందే యుద్ధంలోంచి. తర్వాత తర్వాత అందులోకి అంతరిక్షనౌకలు దిగాయి, నీటిగుర్రం తలకాయతో తుపాకులంటే ప్రాణం పెట్టే 'గిఫ్' అనే కిరాయిసైనికులూ దిగారు. కాబట్టి మీరు కొత్తగా చేసిన కల్తీ ఏమీ లేదు, బెంగ పెట్టుకోకండి.

నాకు బెంగ కలిగించింది వేరే సంగతి. ఆ ఆటవాళ్ళు 1977లో అచ్చువేసిన భూతాల పుస్తకంలో మన రాక్షసుడు ఉన్నాడు. పులి తలకాయ, చేతిలో పొగతాగే పైపు! తర్వాతి కూర్పుల్లో అరచేతులు కూడా వెనక్కి తిప్పేశారు. అరచేయి వెనక్కి తిరిగినవాడు తుపాకి మీట ఎలా నొక్కుతాడో మీరే ఆలోచించుకోవాలి. అది వ్యాకరణం పరిధిలోకి రాదు.

ఇక మాటల సంగతి. ముందు శతఘ్ని. ఫిరంగి కనబడితే చాలు 'శతఘ్ని' అనెయ్యడం మనవాళ్ళకి ఒక జబ్బుగా తయారైంది. నూరుమందిని చంపేది అని మాటకి అర్థం, అంతవరకే. వాల్మీకి అయోధ్యని వర్ణిస్తూ 'శతఘ్నీశతసంకులామ్' అన్నాడు, లంక కోటవాకిళ్ళ దగ్గరా ఇనప శతఘ్నులు పెట్టాడు. కౌటిల్యుడు వీటిని కదిలే యంత్రాల పట్టీలో చేర్చాడు. వ్యాఖ్యాతలేమో కోటగోడమీద నిలిపి కిందికి దొర్లించే ముళ్ళస్తంభం అన్నారు. భారతంలో ద్రోణపర్వం తియ్యండి. ఘటోత్కచుడు చక్రాలున్న శతఘ్నిని కర్ణుడిమీదికి విసిరితే రథాశ్వాలు నాలుగూ చచ్చాయి. విసిరాడు, పేల్చలేదు. 1880లో మద్రాసులో గుస్తావ్ ఓపర్ట్ అనే జర్మన్ పండితుడు ప్రాచీన భారతీయులకి తుపాకిమందు తెలుసునని పుస్తకమే రాశాడు. ఆయన నమ్ముకున్న గ్రంథాలే అంత పాతవి కావని తర్వాతివాళ్ళు తేల్చారు. అయినా ఆ ముచ్చట మనల్ని వదల్లేదు.

అయితే ఒకటి. రాక్షసుడి చేతిలో శతఘ్ని ఉండటం మీ కల్పన కాదు, వ్యాసుడిదే. మీవాడు దాన్ని ఎత్తి విసిరేటట్టయితే 'శతఘ్నిధారి' భేషైన పేరు. గుండు పెట్టి పేల్చేటట్టయితే మాత్రం ఫిరంగి అనే అనండి.

విస్ఫోటకం అన్నతను ఎవరోగాని, నిఘంటువు తిప్పకుండా సలహా ఇచ్చాడు. విస్ఫోటకం అంటే పొక్కు, బొబ్బ, ఇంకా చెప్పాలంటే మశూచి. మన పాత వైద్యగ్రంథాల్లో ఈ మాట ఎక్కడ కనబడినా రోగమే. 'విస్ఫోటం' అంటే పగలడం కూడా అవునుగనక ఈనాటివాళ్ళు చివర ఓ 'క' తగిలించి బాంబుల్లోకి తెచ్చారు. పత్రికల్లో అచ్చవుతోంది, అందరికీ అర్థమవుతోంది, నేను కాదన్నంత మాత్రాన ఆగదు. కానీ పాత తెలుగు చదువుకున్న ముసలివాడి చెవిలో 'విస్ఫోటక రాక్షసుడు' పడితే వాడు ఆటలోంచి లేచి టీకాలవాళ్ళ కోసం పరిగెడతాడు.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. మీవాళ్ళు నవ్వారని మీరు 'మందు'ని వదిలేద్దామనుకున్నట్టున్నారు. ఎంత పని చెయ్యబోయారండీ! తెలుగులో నన్ను నలభై ఏళ్ళుగా పట్టుకుని ఊపుతున్న మాటలు నాలుగయిదుంటే అందులో ఇదొకటి.

మందు మన ఇంటిమాట. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు, అన్నీ అక్కచెల్లెళ్ళే. అన్నిటికీ మొదటి అర్థం ఔషధం. చిత్రం చూడండి, తుపాకి మన దేశంలోకి వచ్చాక ఈ నాలుగూ ఒక్కమాటమీద యుద్ధంలోకి దిగాయి. మలయాళంలో వెడిమరున్ను, తమిళంలో వెడిమరుందు, కన్నడంలో మద్దు, మనకి తుపాకిమందు. ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నారా, ఎవరికి వారికే తోచిందా? ఉత్తరాదికి పోయి చూస్తే అక్కడా ఇదే వరస. పార్శీలో 'దారూ' అంటే ఔషధం. ఆ మాటే మరాఠీలోకి వచ్చి తుపాకిమందూ అయింది, సారాయీ అయింది. మన 'మందుగుండు' మరాఠీలో 'దారూగోళా', కన్నడంలో 'మద్దుగుండు'. మూడింటి అచ్చూ ఒకటే, పొడి ఒక ముక్క, గుండు ఒక ముక్క. చైనావాళ్ళయితే తుపాకిమందుని నేటికీ 'హ్వోయావ్' అంటారు, అంటే నిప్పుమందు. అక్కడ దానికి న్యాయం కూడా ఉంది. చావులేని మందు కోసం గంధకం, సూరేకారం కలిపి కాస్తూ కూర్చున్న రసవాదుల చేతుల్లోనే అది పుట్టింది. 1044 నాటికి వాళ్ళ యుద్ధగ్రంథంలో దాని పాళ్ళు రాసి పెట్టారు. ఆయుష్షు పోసే మందు కోసం వెతికితే ఆయుష్షు తీసే మందు దొరికింది. పేరు మార్చడానికి మాత్రం వాళ్ళకి మనసొప్పలేదు.

మన మందుకి ఇంకో ముఖం ఉంది. పల్లెటూళ్ళో 'వాడికి ఎవరో మందు పెట్టారు' అంటే వైద్యుడు పెట్టాడని కాదు. అన్నంలో కలిపి పెట్టే వశ్యపు మందు. మంత్రగాడి మందూ వైద్యుడి మందూ ఒకే మాట కావడం వల్లే 'మందూ మంత్రం' జంటగా తిరుగుతాయి. ఇప్పుడు చెప్పండి. మంత్రాలూ తుపాకులూ కలిసిన కథకి మాట కావాలని మీరు వెతుకుతున్నారు. ఆ రెండూ ఎప్పట్నుంచో కాపురం చేస్తున్న మాట మీ నోట్లోనే ఉంది. దాన్ని చూసి నవ్వారని మీరు సిగ్గుపడుతున్నారు!

రైతు దగ్గరికి వెళ్తే పురుగుమందు, కలుపుమందు. చాలా ఊళ్ళలో యూరియాబస్తా కూడా మందే.

మరి తాగుడు? అదే మీ కొంప ముంచింది. ఇక్కడ వ్యాకరణాల్లో ఎక్కడా రాయని ఒక కిటుకు ఉంది. 'మందుల షాపు' ఎక్కడుందని అడిగితే ఆస్పత్రి పక్క సందు చూపిస్తారు. 'మందు షాపు' ఎక్కడుందని అడిగితే మిమ్మల్ని ఎగాదిగా చూసి ఇంకో సందు చూపిస్తారు. బహువచనం రోగికి, ఏకవచనం తాగుబోతుకి. మాటకి 'లు' తగిలిస్తే పరువు వచ్చేసింది. తుపాకిమందు కూడా ఏకవచనమే, 'తుపాకిమందులు' అనం. మీవాళ్ళ చెవి మాత్రం ఎప్పుడూ వినే షాపువైపే వెళ్ళింది, తప్పు వాళ్ళది కాదు.

మరి తేడా ఎక్కడ తెలియాలి? క్రియలో. నామవాచకాన్ని ఎంత సాగదీసినా ఇది తెమలదు. రోగి మందు వేసుకుంటాడు. రైతు మందు కొడతాడు, మా వీధి చివర కుర్రాళ్ళూ మందు కొడతారు. ఆ రెండిటికీ మళ్ళీ పేచీ ఉందనుకోండి, కానీ చేలో కొట్టాడా, దాబాలో కొట్టాడా అన్నది సందర్భం చెబుతుంది. తుపాకిమందుకి మాత్రం తనదైన క్రియ ఉంది. దట్టించడం. నా చిన్నప్పుడు మా మేనమామ జొన్నచేలో పందుల కాపలాకి పాత నాటుతుపాకి పట్టుకుని వచ్చేవాడు. కొమ్ములోంచి నల్లటి పొడి కొంచెం గొట్టంలోకి ఒంపి, పాత చీరపేలిక ఒకటి ఉండచుట్టి తోసి, ఇనపకడ్డీతో టక్ టక్‌మని పొడిచి, మీద రవ్వలు పోసి, మళ్ళీ పేలిక, మళ్ళీ పొడుపు. 'మామయ్యా, అంత గట్టిగా ఎందుకూ?' అంటే, 'దట్టించకపోతే బుస్సుమంటుందిరా, పేలదు' అనేవాడు. ఆ క్రియలో ఆ కడ్డీ పోటు వినబడుతుంది నాకు. కల్లుపాకలోగానీ మందుల షాపులోగానీ ఎవరూ మందు దట్టించరు.

కాబట్టి మీవాడు 'మందు నిండిన రాక్షసుడు' కాడు, 'మందు దట్టించిన రాక్షసుడు'. ఈసారి ఎవరూ నవ్వరనుకుంటాను. నవ్వితే మాత్రం వాళ్ళు నిజంగానే ఏదో దట్టించి వచ్చారన్నమాట.

మట్టిలో దాగే భూతానికి పేరు లేదన్నారు. ల్యాండ్‌మైన్‌కి తెలుగువాళ్ళు పెట్టుకున్న 'మందుపాతర' రోజూ వార్తల్లో వినే మీరు పేరు లేదనడం నాకు కోపం తెప్పించింది. పాతర అంటే ధాన్యం దాచుకునే గొయ్యి. రాయలసీమలో, తెలంగాణలో జొన్నలు పాతరల్లోనే ఉండేవి. నేల తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మన్ను కప్పేవారు. కరువొచ్చినప్పుడు తీసేవారు. మూత తీసిన వెంటనే లోపలికి దిగకూడదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ముందు దీపం దించి చూడాలి, ఆరిపోతే లోపల మనిషి బతికే గాలి లేదన్నమాట. తిండిగింజలున్న గొయ్యే ప్రాణం తీసేది. ఆ గోతిలో గింజలకి బదులు మందు పెట్టినవాడెవడోగాని మాటని ఎంత ముద్దుగా వాడుకున్నాడో! ఇప్పుడు పత్రికలవాళ్ళు 'ప్రజాస్వామ్యానికి పాతర', 'నిబంధనలకు పాతర' అని రోజుకో పాతర తవ్వుతున్నారు. వాళ్ళలో జొన్నపాతర చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నా అనుమానం. మీ భూతానికి 'పాతరభూతం' అని పేరు పెట్టండి. దాని దగ్గరికి వచ్చేవాడు దీపం దించి చూడాలనే నియమం కూడా ఆటలో చేరిస్తే నేను సంతోషిస్తాను.

మిగిలినవి క్లుప్తంగా. తుపాకి అనే మాట తుర్కీ భాష నుంచి వచ్చింది, 11వ శతాబ్దపు తుర్కీ నిఘంటువులో దాని పూర్వీకురాలు పిట్టల్ని కొట్టే ఊదుగొట్టం. ఫిరంగి అంటే ముందు ఫ్రాంకుల దేశపువాడు, ఆ తర్వాతే అతని ఆయుధం, కొన్ని ఊళ్ళలో 'పరంగికాయ' అయి బొప్పాయి కూడా. బాణం అంటే ఒకప్పుడు రాకెట్టు కూడా, బాణసంచాలో ఉన్నది అదే.

'తుపాకిరాక్షసుడు' గురించి. తుపాకి అన్యదేశ్యం, అంటే పరాయి భాష మాట; రాక్షసుడు తత్సమం, అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాట; కలిస్తే మిశ్రసమాసం. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఒప్పుకుంటాడనే నా నమ్మకం. 'తుపాకీధారి' దగ్గరికొస్తే చిక్కు. అక్కడ వెనకముక్క సంస్కృతపు కట్టు, ముందుముక్క తుర్కీది. పాత పండితులు వైరిసమాసమని కొట్టేస్తారు. 'లాఠీచార్జి'తో ఇన్నాళ్ళూ కాపురం చేసిన మనం దాన్ని ఎంత గట్టిగా కొట్టెయ్యగలమో నాకు తెలియదు. వాడితే వాడండి, నా పేరు చెప్పకండి. ఇంకోమాట, ఇంగ్లీషు 'మాన్‌స్టర్' కనబడ్డ చోటల్లా రాక్షసుడు అనకండి. మనకి భూతం, దయ్యం, బ్రహ్మరాక్షసి, కొరివిదయ్యం విడివిడిగా ఉన్నాయి. మందు దట్టించినవాడి పక్కన నిలబెట్టకూడనిది కొరివిదయ్యమేనని మీకు వేరే చెప్పక్కర్లేదు.

విస్ఫోటక రాక్షసుణ్ణి మాత్రం తీసెయ్యండి. ఆ పేరుమీద మీ స్నేహితుడికి మరీ మక్కువైతే ఉంచుకోమనండి. కానీ వాడి చేతిలోంచి తుపాకి లాగేసి ఓ వేపమండ పెట్టండి.